తలుపవతలి మాటలు

"ఆ పెట్టె కాస్త ఆపుతారా? తల పగిలిపోతోంది" అంది తల్లి.

కౌంటర్ వెనకున్న అమ్మాయి నవ్వి ఊరుకుంది. కౌన్సెలర్ గది గుమ్మం పక్కన, నేల మీద, చిన్న తెల్లటి పెట్టె ఒకటి ఎప్పుడూ గుయ్‌మంటూ ఉంటుంది. లోపలి మాట బయటికి వినపడకుండా చేసిన ఏర్పాటది. వచ్చిన ప్రతివారమూ తల్లి ఒక్కో కుర్చీ చొప్పున తలుపు వైపు జరుగుతూ వచ్చింది. ఈ వారం తలుపుకు ఆనుకునే కూర్చుంది. అయినా చెవిన పడింది ఆ గుయ్‌మనడమే.

లోపల ఉన్నది ఆమె ఒక్కగానొక్క కూతురు. పదో తరగతి. తండ్రి పోయి ఏడాది దాటింది. ఆయన పోయినప్పుడు గుండె రాయి చేసుకుని తిరిగిన పిల్ల, ఈమధ్య తల్లిని క్షణం వదలడం లేదు. స్కూల్లో బెల్లు కొడితే చాలు, ఆఫీసు గదిలోంచి ఫోన్ చేసి "అమ్మా, ఏం చేస్తున్నావ్?" అంటుంది. రాత్రుళ్లు లేచి వచ్చి తల్లి గది గుమ్మంలో నిలబడుతుంది. ఏమిటే అంటే దాహమేసిందంటుంది. మంచినీళ్లు ఉండేది వంటింట్లో. చివరికి తనే, "నన్ను కౌన్సెలింగ్‌కి తీసుకెళ్లు" అంది. పిన్నితో వెళ్లవే అంటే ససేమిరా అంది. నువ్వే రావాలి, నేను బయటికొచ్చేదాకా అక్కడే కూర్చోవాలి అని పట్టుబట్టింది.

పిల్ల కోసం తల్లి చెయ్యనిదంటూ లేదు. కుట్టుపని మానేసింది. కొట్టు మూసేసి మిషను చెల్లెలికి ఇచ్చేసింది. దగ్గర కూర్చోబెట్టుకుని వంట నేర్పింది, కరెంటు బిల్లు కట్టడం నేర్పింది, బీరువా తాళాలు ఎక్కడుంటాయో చూపించింది. లెక్కల్లో క్లాసు మొత్తానికి ఫస్టు వచ్చే పిల్లకు ఇవి మాత్రం తలకెక్కవు. పొయ్యి మీద పెట్టిందల్లా మాడుస్తుంది. ఈ వయసులో నాకు ఇల్లంతా అప్పజెప్పారే అని తల్లి విసుక్కుంటే, "నాకు రాదమ్మా, నువ్వే చెయ్యాలి" అని మొండికేస్తుంది.

పోయినవారం తల్లి ఇక ఉండబట్టలేక కౌన్సెలర్‌ను నిలదీసింది.

"మైనరు పిల్ల మేడమ్. సంతకం పెట్టింది నేను. అది మీకేం చెప్తోందో అడిగే హక్కు నాకు లేదా?"

"ఉందండీ. చట్టం మీవైపే మాట్లాడుతుంది, నేను కాదనను. కానీ ఇవాళ నేను మీకు చెప్తే, రేపట్నుంచి పాప నోరు విప్పదు. నా దగ్గరే కాదు, ఎవరి దగ్గరా విప్పదు."

"ఒక్క ముక్క చెప్పండి చాలు. ఎవడైనా ఏడిపిస్తున్నాడా? ప్రేమా దోమా అంటోందా?"

"మొదటిరోజే మీ ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాను కదా. ప్రాణం మీదికొచ్చే సంగతైతే దాచను. ముందు పాపకు చెప్పి, తర్వాత చెప్పాల్సినవాళ్లకు చెప్తాను. అంతవరకూ పాప మాట పాపదే."

తల్లి కుర్చీ ముందుకు జరుపుకుంది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది.

"పోనీ ఇదొక్కటి చెప్పండి. అది తన కాళ్ల మీద తను నిలబడగలదా? ఇంకా ఎన్నాళ్లు పడుతుంది?"

కౌన్సెలర్ చేతిలో పెన్ను పక్కన పెట్టింది. ఆమె ముఖంలోకి తేరిపార చూసింది.

"అంత తొందరేమిటండీ?"

"తల్లిని కదా మేడమ్. నాకు కాక ఇంకెవరికి ఉంటుంది తొందర?"

ఆ సంభాషణే నెమరేసుకుంటూ కూర్చున్న తల్లి, వీధి తలుపు తెరుచుకున్న చప్పుడుకు తలెత్తింది. వచ్చింది చెల్లెలు. ఆయాసపడుతోంది.

"నువ్వెందుకొచ్చావే?"

"రమ్మని ఇక్కణ్నుంచే ఫోన్ చేశారక్కా. ఎందుకో చెప్పలేదు."

అంతలో గది తలుపు తెరుచుకుంది. పిల్ల బయటికొచ్చింది. కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. తల్లి చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని, వదిలేసి, వెళ్లి పిన్ని భుజంలో ముఖం దాచుకుంది.

"మీరొకసారి లోపలికి రండి" అంది కౌన్సెలర్.

లోపలికి వెళ్లాక కౌన్సెలర్ తన కుర్చీలో కూర్చోలేదు. ఇంకో కుర్చీ లాక్కుని తల్లి పక్కనే కూర్చుంది.

"ఇంక దాచే వీల్లేదండీ. పాపను అడిగాను. చెప్పండి అంది."

ఇన్ని వారాలుగా వినాలని తలుపుకు చెవి ఒగ్గిన మనిషికి, ఇప్పుడు లేచి పారిపోవాలనిపించింది.

"ప్రాణం మీదికొచ్చిందా మేడమ్?"

"వచ్చిందండీ."

"అయ్యో, నా కళ్లముందే తిరుగుతోంది కదండీ. ఒక్క మాటైనా అనలేదే నాతో" అంటూ ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు ఆగలేదు. "ఇకనుంచి దాన్ని క్షణం వదలను. ఫోన్ మీద ఫోన్ చేస్తాను. రాత్రుళ్లు నిద్ర మానేసి దాని గుమ్మంలోనే నిలబడతాను. నా బిడ్డకు నేనే కాపలా ఉంటాను మేడమ్."

కౌన్సెలర్ ఆమె రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది.

"ఇన్నాళ్లూ పాప కాపలా కాస్తున్నది మీ ప్రాణానికమ్మా."