ఖాళీ బరువు

హాల్లో ఎవరూ లేరని రెండుసార్లు చూసుకున్నాక తండ్రి కొత్త కంప్యూటర్ పక్క మూత విప్పాడు. షాపు మెకానిక్‌ని అడిగి తెలుసుకున్నట్టే, డిస్క్ డ్రైవ్ వెనకున్న వెడల్పాటి బూడిదరంగు తీగని పట్టుకుని లాగాడు. ఊడి చేతికొచ్చింది. దాన్ని అలాగే వేలాడనిచ్చి, మూత బిగించి, స్క్రూడ్రైవర్‌ని బీరువాలో తన చొక్కాల కింద దాచాడు.

ఇక డిస్కు పెడితే చదవదు. రేపు ఇంజనీరు వస్తాడు. వాడి సంగతేమిటో తేలిపోతుంది.

ఇంజనీరంటే ఆయన భార్యకి పెదనాన్న మనవడు. వరసకి మేనల్లుడు. ఏదో పెద్ద కంపెనీలో కంప్యూటర్లన్నీ వాడి చేతిమీదుగానే నడుస్తాయని చుట్టాలందరూ చెబుతారు. ఏ కంపెనీ అంటే మాత్రం ఒక్కొక్కరు ఒక్కో పేరు చెబుతారు. అక్కడే తండ్రికి అనుమానం. కూతుర్ని తమ వాడికి ఇమ్మని అడుగుతున్నారు. రేపు సాయంత్రంలోగా అవునో కాదో చెప్పాలి.

"మా వైపు వాళ్ళంటే మీకు పెళ్ళైన రోజునుంచీ అనుమానమే," అంది భార్య.

"ఆ అనుమానమే మనకి అన్నం పెడుతోంది," అన్నాడాయన.

నిజమే. ఆయన పని లారీల కాటా దగ్గర. సీటు కింద రాళ్ళు, వెనక నీళ్ళ డ్రమ్ములు దాచి తూకానికి వచ్చేవాళ్ళని ఇట్టే పట్టేస్తాడు. కూతురికి ఊహ తెలిసినప్పట్నుంచీ ఆయన నోట వింటున్న మాట ఒకటే. "ముందు ఖాళీ బరువు చూడాలమ్మా. అది చూడకుండా సరుకు ఇంత అని చెప్పేవాడిని నమ్మకూడదు."

మర్నాడు ఇంజనీరు ఇస్త్రీ మడత నలగని చొక్కాతో దిగాడు.

"కంప్యూటర్ కొనేముందు నాతో ఒక్క మాట అనకూడదూ మావయ్యా? ఎంతకి అంటగట్టారు?"

"ఆ సంగతి తర్వాత. కొని నెలన్నా కాలేదు, డిస్కు పెడితే చదవట్లేదు. నువ్వు చూస్తావా, షాపుకి మోసుకెళ్ళమంటావా?"

"నేనుండగా షాపేమిటి!"

తండ్రి కుర్చీ జరుపుకుని పక్కనే కూర్చున్నాడు. భార్య వంటింటి గుమ్మంలో నిలబడింది. కూతురు తన పరీక్ష పాఠాల డిస్కు పట్టుకుని బల్లకి ఆనుకుంది.

ఇంజనీరు మీట నొక్కాడు. డబ్బాకి చెవి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"ఇదిగో డిస్కు. పెట్టి చూస్తావా బావా?" అంది కూతురు.

"అక్కర్లేదు. రోజూ ఇలాంటివెన్నో చూస్తుంటాను. నాకు శబ్దం వింటే చాలు. డ్రైవ్ అసలు పలకట్లేదు."

తండ్రి లోలోపల నవ్వుకున్నాడు. కోతలు కొయ్యనీ. మూత విప్పాక చూద్దాం.

"స్క్రూడ్రైవర్ ఉందా మావయ్యా?"

ఆయన లేచేలోపే కూతురు లోపలికెళ్ళి తెచ్చిచ్చింది.

కంప్యూటర్ ఆపి మూత తీశాడు. లోపలంతా తీగల చిక్కు. ఇంజనీరు పెన్నుతో ఒకదాన్ని కదిపాడు. ఇంకో దాని మీద ఉఫ్‌మని ఊదాడు. "కరెంటు హెచ్చుతగ్గులు," అన్నాడు. "దుమ్ము కూడా," అన్నాడు. తండ్రి కాలు ఊపడం మొదలుపెట్టాడు.

"మావయ్యా, కాస్త టార్చి పట్టండి."

తండ్రి పట్టాడు. వెలుగు కాసేపు అటూ ఇటూ తిరిగింది. తర్వాత ఆ వెడల్పాటి బూడిదరంగు తీగ మీద పడి, ఇంక అక్కణ్ణించి కదల్లేదు.

ఇంజనీరు ఆ వెలుగు వంక చూశాడు. మావయ్య మొహం వంక చూశాడు. చెయ్యి లోపలికి పెట్టాడు. తీగ చివర మిగతా తీగల చాటున ఉంది, పైగా అరచెయ్యి అడ్డం వచ్చి తండ్రికి కనపడలేదు. టక్‌మన్న చప్పుడు మాత్రం వినపడింది.

"దొరికింది! ఈ తీగ ఊడిపోయి వేలాడుతోంది మావయ్యా. ఇంక డ్రైవ్ ఏం చదువుతుంది, నా మొహం! షాపు వాళ్ళు సరిగ్గా బిగించి ఉండరు."

తండ్రి టార్చి ఆర్పేశాడు.

"వదులైందా, ఊడిపోయిందా బావా?" అని అడిగింది కూతురు.

"పూర్తిగా ఊడిపోయింది. ఇప్పుడు నా చేత్తో తగిలించాగా!"

మళ్ళీ మీట నొక్కి, డిస్కు పెట్టారు. అది గుయ్‌మని తిరిగింది. తెరమీద పాఠం మొదలైంది.

భార్య గుమ్మం దాటి హాలు మధ్యకి వచ్చేసింది. "ఇప్పుడేమంటారు? మీరూ, మీ కాటా!"

తండ్రికి సిగ్గనిపించింది. ఇంజనీరు భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏమీ అనుకోకు అల్లుడూ. ఇన్ని లారీలు తూచాను గానీ నీ బరువు తక్కువ కట్టాను. మీ నాన్నకి నేనే ఫోన్ చేస్తాను."

ఇంజనీరు రుమాలుతో వేళ్ళు తుడుచుకుంటూ, "ఇదెంత పని మావయ్యా!" అన్నాడు.

తండ్రి రిసీవర్ ఎత్తి కూతురి వైపు తిరిగాడు. "ఏమ్మా, సరేనని చెప్పేయనా?"

కూతురు స్క్రూడ్రైవర్ తెచ్చి ఆయన రెండో చేతిలో పెట్టింది.

"ఆగు నాన్నా, నిన్న నువ్వు ఊడదీసిన తీగని పొద్దున్న పాఠం రాకపోతే, నీ చొక్కాల కింద దొరికిన దీంతోనే మూత విప్పి చూసి నేనే మళ్ళీ తగిలించేశాను."