రావణుడి వెల

ఎండలోకి ఎత్తి పట్టగానే రావణుడు భగ్గున వెలిగాడు.

పది తలలు, పది కిరీటాలు, మెడనిండా హారాలు, కోరమీసాలు. నెల్లూరు ఆసుపత్రి వరండాలో వచ్చేవాళ్లు పోయేవాళ్లు ఆగి మరీ చూశారు.

చూడనివాడు పెంచలరావు ఒక్కడే. అతని చూపంతా పద్మనాభయ్య మొహం మీదే ఉంది.

పద్మనాభయ్య పాత బొమ్మల బేరగాడు. మద్రాసు డబ్బున్నవాళ్లకు ఈ మధ్య తోలుబొమ్మల పిచ్చి పట్టింది. గోడలకు తగిలించుకుంటారట.

"జింక తోలేనా?"

"జింక తోలే సామీ. మా తాత కోసినాడు. యుద్ధాల్లో తన్నులు తినేవాడు గదా, మేక తోలైతే తట్టుకోదు."

పద్మనాభయ్య వేలు తడిచేసి రంగు మీద రుద్దాడు. వాసన చూశాడు. ఒక్కటైనా తగ్గకపోతుందా అని తలలు లెక్కపెట్టాడు. వంకలేనమ్మ డొంక పట్టుకు ఏడ్చిందట, అలా ఉంది ఆయన వరస.

టెంటు సినిమాలు వచ్చాక బొమ్మలాటకు పిలిచేవాడెవడు? రాముడు, సీత, హనుమంతుడు ఎప్పుడో అమ్ముడుపోయి పెంచలరావు ఇంటికి తిండిగింజలయ్యారు. రావణుణ్ణి ఇంట్లో పెట్టుకోవడానికి మాత్రం ఎవరికీ ధైర్యం చాల్లేదు. ఈ రోజుకు అతనే దిక్కయ్యాడు.

లోపల వార్డులో, కిటికీ పక్క మంచం మీద, పెంచలరావు ఏడేళ్ల కొడుకు నాగోజీ గొంతు వాచి ఊపిరి కోసం కొట్టుకుంటున్నాడు. తల్లి లేని బిడ్డ. సాయంత్రంలోగా సూది పడాలని డాక్టరమ్మ చెప్పేసింది. ఆసుపత్రిలో ఆ మందు నిండుకుంది. బజారులో ఉంది గాని, ధర వినేసరికి పెంచలరావుకు కళ్లు తిరిగాయి.

"బిరాన తేల్చండి సామీ, మీకు దణ్ణం పెడతా."

"పాత సరుకు. చూసుకోవద్దా?"

అప్పుడు వార్డులోంచి ఒకడు బయటికి వచ్చాడు. ఉప్పు మరకల చొక్కా, దువ్వని తల, ఒంటి మీద చేపల వాసన. పొద్దుటి నుంచీ అక్కడే తచ్చాడుతున్నాడు.

"అన్నా, ఆ బొమ్మ ఒక్క నిమిషం ఇయ్యి. పిల్లోడికి కిటికీలోంచి చూపిస్తా."

"బేరం జరగతా ఉంటే కనపళ్లా? ఎవరయ్యా నువ్వు? ఈడేం పని నీకు?" కసిరాడు పెంచలరావు.

"బండి కోసం చూస్తా ఉండా."

"అయితే రోడ్డు మీద చూసుకో పో."

ఆ మనిషి కదల్లేదు.

"దీన్ని అమ్మొద్దన్నా. అమ్మి, డబ్బు తెచ్చి, మందు కొనిందాక బిడ్డ ఆగదు."

పెంచలరావు విసురుగా అతని వైపు తిరిగాడు. చావుబతుకుల్లో ఉన్న బిడ్డ గుమ్మంలో ఎలాంటి మాట! పైన తథాస్తు దేవతలుంటారని కూడా తెలియదా ఈ నోటికి!

"నూరు రూపాయలిస్తా" అన్నాడు పద్మనాభయ్య సరిగ్గా అప్పుడే.

నూరు చాలు. పెంచలరావు కళ్లు నీళ్లతో నిండిపోయాయి. బొమ్మను గోడకు ఆనించి ఆయనకు రెండు చేతులూ జోడించాడు.

అంతే. ఆ మనిషి బొమ్మను ఎత్తుకుని కిటికీ దగ్గరికి పోయాడు. రావణుడి చేత మీసం మెలేయించాడు, తొడ కొట్టించాడు. ఆట రానివాడి ఆట. అయినా లోపల నాగోజీ కళ్లు ఇంతలేసి చేసుకుని చూస్తున్నాడు.

పెంచలరావు పరుగున పోయి బొమ్మను పట్టుకున్నాడు.

"వదలరా!"

"ఇంకొక్క నిమిషం అన్నా, నీ కాళ్లు పట్టుకుంటా."

పెంచలరావు ఉన్న బలమంతా పెట్టి గుంజాడు. రావణుడి కుడి చెయ్యి భుజం దగ్గర పర్రుమని చిరిగి ఊడి వచ్చింది.

మూలిగే నక్క మీద తాటికాయ పడింది. పద్మనాభయ్య గొడుగు చేతికి తీసుకున్నాడు.

"చెయ్యి లేని రావణుణ్ణి ఎవరికి అంటగట్టేది?"

"కుట్టి ఇస్తా సామీ! సగమే ఇయ్యండి! మీకు తోచింది ఇయ్యండి!"

ఆయన వెనక్కి చూడకుండా మెట్లు దిగిపోయాడు.

పెంచలరావు గిర్రున తిరిగి ఆ మనిషి చెంప ఛెళ్లుమనిపించాడు. మళ్లీ కొట్టాడు.

"నా బిడ్డను చంపినావు గదరా! నీకూ కడుపు కాలితే తెలస్తాది!"

ఆ మనిషి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. కింద పడిన రావణుడి చేతిని తీసి, మట్టి దులిపి, పెంచలరావు చేతిలో పెట్టాడు. గేటు దగ్గర ఎవరో బండి వచ్చిందని కేకేశారు. ఆ మనిషి తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

పెంచలరావు అక్కడే కూలబడ్డాడు. పొద్దు వాలుతోంది. మందుల షాపువాడి కాళ్ల మీద పడటం ఒక్కటే మిగిలింది. లేచి పరుగెత్తబోతుంటే నర్సు ఎలిశబెతు గుమ్మంలోకి వచ్చింది.

"యాడికయ్యా ఉరకతా ఉండావు?"

"మందుకమ్మా! బిడ్డ దక్కడమ్మా!"

"మందు పడినాదయ్యా. నువ్వు బొమ్మ లాక్కొనే లోపలే సూది వేసేసినా. గింజుకుంటే ఊపిరి అందదని భయపడినాం గాని, రావణుణ్ణి చూస్తా కదల్లేదు నీ కొడుకు. ఇంక భయం లేదంటా ఉండాది డాక్టరమ్మ."

పెంచలరావు కిటికీలోంచి బిడ్డను చూసి, ఇటు తిరిగాడు.

"మందు యాడిదమ్మా?"

"ఇప్పుడు నువ్వు కొట్టినావే, ఆయన ఇచ్చిందే. నీకు చెప్పొద్దన్నాడు."

"ఎందుకు?"

ఎలిశబెతు తల దించుకుంది.

"ఎవరి కోసం తెచ్చినాడో తెలిస్తే నువ్వు వేయనియ్యవని. పడవ అమ్ముకోని ఆ మందు తెచ్చేలోపల ఆయన కూతురు పోయినాది, ఈ పొద్దున, మీరొచ్చే ముందే, మీవోడి పక్క మంచం మీదనే."