రెండో సబ్‌మెరైన్

"నా సెవికేటయినాది? సముద్రం అడుగున సబ్‌మెరైన్ని పట్టిన సెవే ఇది!"

శ్రీకూర్మంలో పెట్టిన ఉచిత చెవి పరీక్షల శిబిరంలో గంగరాజు గొంతు ఖంగున మోగింది. వరసలో కూర్చున్నవాళ్లు నవ్వారు. అతని తమ్ముడి భార్య చిన్నతల్లి మాత్రం నవ్వలేదు. నాలుగుసార్లు పిలిస్తే గానీ పలకడం లేదని బావగారిని ఆమే లాక్కొచ్చింది.

"నేవీలో చేసినావా తాతా?" అంది పరీక్షలు చేసే అమ్మాయి దీవెన, అంతకుముందు వచ్చినావిడ కాగితం రాస్తూ.

"డెబ్బై ఒకటి యుద్ధంలో. ఆయిల్ ఓడకి మా ఫ్రిగేట్ కాపలా. సోనార్ కాడ నేనే. మనం ఒదిలిన సౌండు సబ్‌మెరైన్‌కి తగిలి తిరిగొస్తాది. 'ఉత్తరమేపు ఉన్నాది సార్' అన్నాను. కెప్టెన్ ఓడ తిప్పేసినాడు. గంటసేపు తరిమినాం. నీటిబాంబులు ఏసినాం."

"మునిగిందా?"

"సచ్చిన సేపలే తేలినాయి. తప్పించుకున్నాది."

తర్వాతిది చిన్నతల్లికి తెలుసు. వాళ్లు వెనక్కి వచ్చేసరికి, దక్షిణం నుంచి ఇంకో సబ్‌మెరైన్ కొట్టిన దెబ్బకి ఆయిల్ ఓడ మండిపోతోంది. అందులో ఖలాసీగా ఉన్న ఆమె మొగుడు అసిరయ్య బూడిద కూడా దొరకలేదు.

"రెండున్నాయి సిన్నతల్లీ. ఒకదాన్ని తరిమితే రెండోది కొట్టినాది" అని నలభై రెండేళ్లుగా బావ చెబుతూనే ఉన్నాడు. అతను పెట్టిన కూడు తింటూ ఆ మాట నమ్మింది. నమ్మకపోతే బతకలేదు. అయినా ఒక్కో రోజు గుండెలో ముల్లు కెలికేది. ఉత్తరాన నిజంగా ఉందా?

దీవెన గంగరాజు చెవులకి దళసరి హెడ్‌ఫోన్లు తగిలించింది. "సన్నగా కూత వినపడితే వేలెత్తాలి తాతా" అని బల్ల మీది మిషన్ వైపు తిరిగింది.

నెత్తిమీద ఫ్యాను చప్పుడు ఆగింది. గదంతా నిశ్శబ్దం. గంగరాజు కళ్లు మూసుకున్నాడు. వేలు లేచింది. దిగింది. మళ్లీ లేచింది.

"ఇదే సిన్నతల్లీ!" అని అరిచాడు, కళ్లనీళ్లతో. "ఆయేళ తిరిగొచ్చిన సౌండు అచ్చం ఇదే! తేడా నేదు!"

చిన్నతల్లికి ఏడుపు ఆగలేదు. బావ చెవి అబద్ధం చెప్పలేదు. అసిరయ్యను ఎవరూ ఊరికే వదిలేసి పోలేదు.

"మా బావకి బాగానే ఇనపడతన్నాదే అమ్మా" అంది, కొంగుతో మొహం తుడుచుకుంటూ.

దీవెన అయోమయంగా వెనక్కి తిరిగింది.

"కరెంటు పోయింది కదా అమ్మమ్మా, మిషన్ ఇంకా ఆన్ చెయ్యలేదు."