అచ్చులో లేని పేరు

పతకం మెడలో పడగానే హాలంతా చప్పట్లతో మారుమోగింది. జాగ్రఫీ ప్రొఫెసరుకు మాత్రం ఆ చప్పట్లు చెవికెక్కలేదు. ఆయన కళ్ళు చివరి వరసల్లో ఒక మనిషిని వెతుకుతున్నాయి.

ఆ మనిషి రాలేదు.

కాలేజీ వార్షికోత్సవం. ఆ ఏడాది ఎవరెవరు ఏమేం సాధించారో ప్రిన్సిపాలు వరసగా చదివి వినిపించాడు. ఒకరికి డాక్టరేటు, ఇంకొకరికి పుస్తకం, లైబ్రేరియనుకు ప్రశంసాపత్రం. అన్నిటికన్నా పెద్దది ఈ ప్రొఫెసరుదే. ఊరిని ఒరుసుకుని పారే నది మీద తొమ్మిదేళ్ళ పరిశోధన. దేశంలోకెల్లా ఉత్తమమైనదని బహుమతి వచ్చింది.

"తొమ్మిదేళ్ళండీ! ఒక్క రోజు వదలకుండా నీటిమట్టం కొలవడమంటే మాటలా?" అన్నాడు ప్రిన్సిపాలు మైకులో.

కొలిచింది ప్రొఫెసరు కాదు. ఆ పని డిపార్ట్‌మెంటు అటెండరుది. అతన్ని కాలేజీ అంతా పెద్దయ్య అనేవాళ్ళు. తెల్లవారగానే వంతెన దగ్గరికి వెళ్ళాలి. స్తంభం మీది గీతల్లో నీళ్ళు ఎంతవరకు వచ్చాయో చూడాలి. పదింటికల్లా ఆ అంకె నోటుబుక్కులో ప్రొఫెసరు బల్ల మీద ఉండాలి. తొమ్మిదేళ్ళూ ఉంది.

ఆ పరిశోధన పుస్తకంగా అచ్చుకు వెళ్ళేముందు పెద్దయ్య ఒకసారి గుమ్మంలో నిలబడి నసిగాడు.

"సార్... అందులో నా పేరు వేస్తారా?"

"చూద్దాంలే" అన్నాడు ప్రొఫెసరు తల ఎత్తకుండానే.

వెయ్యలేదు. అటెండరు పేరు కనబడితే పెద్దపెద్ద వాళ్ళు చిన్నచూపు చూస్తారేమోనని జంకాడు. బహుమతి ప్రకటించిన వారానికే, ఇంకా రెండేళ్ళ సర్వీసు ఉండగానే, పెద్దయ్య రాజీనామా ఇచ్చి వెళ్ళిపోయాడు. కాగితంలో కారణం రాయలేదు.

కారణం ప్రొఫెసరుకు రాయకుండానే అర్థమైంది. అప్పటినుంచీ ఆయనకు ముద్ద దిగడం లేదు. ఎవరు చెయ్యి కలిపి అభినందించినా దొంగకు తేలు కుట్టినట్టుండేది.

"వెళ్ళి ఆ ముక్కేదో పెద్దయ్యతోనే చెప్పెయ్యండి. మీరలా పక్కమీద దొర్లుతుంటే నాకూ కంటిమీద కునుకు లేదు" అంది భార్య.

ఆదివారం పొద్దున పతకం జేబులో వేసుకుని బయల్దేరాడు.

సైకిళ్ళ షాపు వెనక రెండు గదుల ఇల్లు. ముందు గదిలోనే మంచం. మంచం మీద పెద్దయ్య భార్య. పక్షవాతంతో కుడిపక్క పూర్తిగా పడిపోయింది. పెద్దయ్య తడి తువ్వాలుతో ఆమె చెయ్యి తుడుస్తున్నాడు. ఆవిడకు ఒంట్లో బాగుండదని ప్రొఫెసరు ఎప్పుడో విన్నాడు. ఎలా ఉందని ఒక్కనాడూ అడగలేదు. ఇప్పుడు అదీ వచ్చి గుండె మీద కూర్చుంది.

"సార్! మీరా!" పెద్దయ్య కంగారుగా కుర్చీ లాగాడు.

ప్రొఫెసరు కూర్చోలేదు. పతకం తీసి అతని చేతిలో పెట్టబోయాడు. నిప్పు తగిలినట్టు పెద్దయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"వద్దు సార్."

"నాలుగు తిట్టు పెద్దయ్యా, పడతాను. నీ కష్టం నేను మింగేశాను. మొన్న నీ నోటుబుక్కులన్నీ మళ్ళీ తిరగేశాను. గాలివాన రోజు కూడా ఖాళీ లేదు. ఒక్క పేజీ తడవలేదు. అంత జాగ్రత్తగా ఎవరు చేస్తారు?"

పెద్దయ్య నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

"రెండోసారి అచ్చువేస్తున్నారు. ఈసారి నీ పేరు నా పేరు పక్కనే ఉంటుంది. ప్రిన్సిపాలుకు కూడా చెప్పేశాను."

"వద్దన్నయ్యగారూ!" మంచం మీంచి ఆవిడ ముద్దముద్దగా అంది. "మీకు పుణ్యముంటుంది. ఆయన పేరు వెయ్యొద్దు."

ఇంతగా నొచ్చుకున్నారా అని ప్రొఫెసరు మనసు కలుక్కుమంది. ఎలాగైనా ఆ ఇద్దరి మొహాల్లో కాస్త వెలుగు చూడాలనిపించింది.

"పేరు సంగతి అలా ఉంచు. నీ అంకెలు ఎంత పనికొచ్చాయో తెలుసా? ఆడపిల్లల హాస్టలు కట్టారు, నది గట్టు కింద తుప్పల స్థలంలో. మునుగుతుందేమోనని ఇంజినీరు ఒకటే నస. నీ నోటుబుక్కులు ముందర పడేసి నేనే ఒప్పించాను. తొమ్మిదేళ్ళలో ఒక్కసారైనా నీళ్ళు అంత ఎత్తుకు వచ్చాయేమో చూపించమన్నాను. సరేనని సంతకం పెట్టేశాడు. రేపు రెండొందల మంది చేరుతున్నారు."

పెద్దయ్య చేతిలోంచి తువ్వాలు జారిపోయింది.

"గట్టు కిందా?"

"అవును. అంతా నీ చలవే."

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆవిడ కళ్ళనీళ్ళతో మెల్లగా తల ఊపింది.

పెద్దయ్య ఉన్నచోటే కూలబడి ప్రొఫెసరు కాళ్ళు పట్టుకున్నాడు. ఆయన బెదిరిపోయి వంగి లేవనెత్తబోయాడు.

"ఇదేంటి పెద్దయ్యా? తప్పు చేసింది నేనైతే..."

"ఈవిడ మంచాన పడ్డ ఈ తొమ్మిదేళ్ళలో, తెల్లవారుజామున ఈవిణ్ణి వదిలి నేను ఒక్కనాడూ గడప దాటలేదు సార్, ఆ అంకెలన్నీ ఈ మంచం పక్కన కూర్చుని రాసినవే!"