జాలీకి కట్టిన గుడ్డ

"కారు తాళం ఇచ్చేసి వెళ్లిపోరా," అన్నాడు శ్రీమన్నారాయణ తన డ్రైవరుతో.

బాపట్ల మెకానిక్ షెడ్డులో అతని కొత్త టర్బో కారు ఆగి ఉంది. బానెట్ మీద వేడి బయటికి పోవాల్సిన ప్లాస్టిక్ జాలీ కాల్చిన అప్పడంలా వంకరపోయింది. దానికి లోపలివైపు కట్టి ఉన్న గుడ్డను మెకానిక్ కోసి తీశాడు.

"టర్బో బండండీ. వేడికి దారి మూసేస్తే ప్లాస్టిక్ ఆగుద్దా?"

"నేనే కట్టానన్నా, దుమ్ము పడకుండా," అన్నాడు డ్రైవరు రామాంజి.

పక్కనే నిలబడ్డ శ్రీమన్నారాయణ తల్లి సుబ్బరత్నం తల్లడిల్లింది. పొద్దున చీరాలలో రామాంజి బానెట్ ఎత్తి నీళ్లు పోస్తుంటే, మగ్గానికి కప్పినట్టు ఆ గుడ్డ కట్టింది తనే. "కారుకీ దుప్పటేంటి పెద్దమ్మా?" అని అతను నవ్వాడు కూడా. కొడుకు కోపానికి భయపడి ఇంతసేపూ ఆమె నోరు మెదపలేదు.

రామాంజి తాళం ఇచ్చేశాడు.

"అబ్బాయ్, ఆ ముడి చూడు," అంది సుబ్బరత్నం.

శ్రీమన్నారాయణ గుడ్డకు మిగిలిన ముడిని తడిమాడు. మగ్గం మీద తెగిన పోగులు అతికే ముడి. చిన్నప్పుడు అమ్మ ఎంత నేర్పినా తనకు రాని ముడి.

"అమ్మా, నువ్వా?"

"నేనేరా." ఆమె రామాంజి వైపు తిరిగింది. "నీకెందుకయ్యా ఈ అబద్ధం?"

"నాకైతే ఇంకో కారు దొరుకుద్ది పెద్దమ్మా. అన్న మిమ్మల్ని మళ్లీ కారెక్కనివ్వడు."

శ్రీమన్నారాయణ ఎవరి ముఖమూ చూడలేదు. తాళం రామాంజి చేతిలో పెట్టి, తల్లి కోసం కారు తలుపు తెరిచి నిలబడ్డాడు.

సుబ్బరత్నం కారెక్కకుండా, ముందు రామాంజికి చేతులు జోడించింది.