గేటు తాళం

"నువ్వు చూసినావా?" అని అడిగాడు మాలకొండయ్య.

"పెట్టెను చూసినా మామా. మనిషిని చూళ్లా" అన్నాడు పెంచలప్రసాద్.

"ఇంకెవరు చూసినారు?"

"సాయిలక్ష్మి చూసుంటది. పక్కిల్లే గదా."

ఆ జాలర్ల పాలేనికి మాలకొండయ్య పెద్ద. ఏడు వారాల కిందట ఆదిశేషమ్మను వెలివేసింది అతనే. భర్త పోయాక పడవ మరిదికే చెందుతుందని పెద్దలు తీర్పు చెబితే, ఆమె ఒప్పుకోక పోలీస్ స్టేషనుకు వెళ్లింది. పాలెం గొడవ పాలెం దాటకూడదన్నది తాతలనాటి కట్టుబాటు. అప్పటినుంచి ఆమెతో ఎవరూ మాట్లాడకూడదు. అంగడిలో ఉప్పు కూడా ఇవ్వకూడదు. ఆటో ఎక్కించుకోకూడదు. మాట మీరినవాళ్లకూ అదే వెలి.

ఆదిశేషమ్మ షుగరు మనిషి. రోజూ సూది పడాలి. వెలి పడ్డాక కాలికి లేచిన పుండు మానక గడప దాటలేదు. పది రోజుల్లో దిగివచ్చి క్షమాపణ చెబుతుందని అందరూ అనుకున్నారు. చెప్పలేదు. ఎందుకో ఇప్పుడు పెంచలప్రసాద్‌కు తెలిసింది. ఆమె ఇంటి వెనక పంచలో ఎవరో థర్మాకోల్ పెట్టెలో చేపల ఐసు వేసి, అందులో ఇన్సులిన్ పెట్టి పోతున్నారు.

"అంతా ఆ సీరియల్ చూసి చెడిపోతాండారు మామా" అన్నాడు పెంచలప్రసాద్. "ఎనకమాల నిన్ను కమాండరంటాండారు."

మాలకొండయ్య నేరుగా సాయిలక్ష్మి దగ్గరికి వెళ్లాడు. ఆమె ఇసుక మీద చేపలు ఎండబెడుతోంది. అతను అడిగింది ఒక్కసారి కాదు. పొడుగా, పొట్టా? చొక్కా ఏ రంగు? ఎటు నుంచి వచ్చాడు, ఎటు పోయాడు? తెల్లారగట్ట మంచులో తలకు తువ్వాలు చుట్టుకున్న మనిషి ఒకడు కనిపించాడని, అంతకుమించి తెలియదని ఆమె చెప్పింది. చెప్పేటప్పుడు చేపలనే చూసింది. ఆ చూపు అతనికి నచ్చలేదు.

"నిజంగానే గుర్తుపట్టలేదా?"

"గుర్తుపట్టినా చెప్పేదానికి నాకు ఇద్దురు బిడ్లుండారు పెద్దన్నా."

ఆ మాటను మనసులో అటూ ఇటూ తిప్పుకుంటూ నడిచాడు. టీకొట్టు దగ్గర ఇద్దరు అతన్ని చూసి మాట మార్చారు. పడవ కింద నీడలో వల కుట్టుకుంటున్న ముసలాయన అవసరం లేకుండా నవ్వాడు. వీళ్లలో ఎవరికి ఎంత తెలుసు?

మధ్యాహ్నం వలల షెడ్డులోకి అతను అడుగు పెట్టేసరికి మాటలు ఆగిపోయాయి. టీవీ మాత్రం ఆగలేదు.

చచ్చినవాళ్లు లేచి తిరిగే సీరియల్ అది. తెలుగు మాటలతో ప్రతి ఆదివారం వస్తోంది. బతికి మిగిలినవాళ్లు ఊరి చుట్టూ గోడ కట్టుకుంటారు. వాళ్లకొక కమాండరు. ఎదురు మాట్లాడినవాడికి జబ్బు అంటుకుందని చెప్పి గేటు బయటికి నెట్టిస్తాడు. వాడికి చేయందించినవాడినీ నెట్టిస్తాడు. లోపలివాళ్లు తలలు వంచుకుని అన్నం తింటుంటారు.

ఎవరో కుర్చీ వేశారు. మాలకొండయ్య తెర వైపు చూడలేదు. మనుషుల ముఖాలు చూస్తూ కూర్చున్నాడు. గోడవార ఆడవాళ్లలో సాయిలక్ష్మి కూడా ఉంది.

"ఆయన మాత్రం ఏం చేస్తాడు పాపం. ఒక్కడికి గేటు తీస్తే అందరూ పోతారు. వేరే దారి లేదు" అన్నాడు పెంచలప్రసాద్, అందరికీ వినిపించేలా.

"దారుంది గదన్నా. తాళం ఆయన మొలకే ఉండాది" అన్నాడు అశోక్ అనే పడవ కుర్రాడు.

వెనక వరుసలో ఎవరో తువ్వాల్లోకి నవ్వారు.

పెంచలప్రసాద్ లేచి టీవీ ఆపేశాడు. జువ్వలదిన్నె హార్బరు నుంచి రోజూ ఐసు తెచ్చే పడవ ఎవరిదని అడిగాడు. అందరికీ తెలిసిందే. దాన్ని నడిపేది అశోక్. ఆదిశేషమ్మ సంగతి బయటపెట్టి, ఆ మందు పెట్టింది నువ్వు కాదా అని నిలదీశాడు.

అశోక్ తడుముకోలేదు. "నేను కాదన్నా. నేనైతే బాగుండు."

అశోక్ భార్యకు ఏడో నెల. వెలి పడితే ఆసుపత్రికి ఆటో కూడా రాదు. అందరి కళ్లూ మాలకొండయ్య మీదికి తిరిగాయి.

అతను మాత్రం సాయిలక్ష్మిని చూశాడు. ఒక్క మాటైనా అంటుందేమోనని చాలాసేపు చూశాడు. ఆమె ఆరిపోయిన తెరను చూస్తూ ఉండిపోయింది.

మాలకొండయ్య లేచాడు.

"ఇయ్యాళ్టినుంచి అశోక్ ఇంటికీ అంతే" అన్నాడు.

అశోక్ చెప్పులు వేసుకుని, చుట్టూ కూర్చున్న ముఖాలన్నిటినీ ఒకసారి చూసి, వెళ్లిపోయాడు. అతను దాటుతుంటే నిన్నటిదాకా అతనితో వేటకు పోయినవాళ్లు కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చారు. పెంచలప్రసాద్ మళ్లీ టీవీ పెట్టాడు.

"కట్టుబాటు నిలబెట్టినావు మామా."

మాలకొండయ్య తలూపాడు.

మరునాడు కావలిలో, పాలెం వాళ్లెవరూ రాని సందులోని మందుల షాపు మెట్లెక్కి, అతను ఆదిశేషమ్మ సూదిమందు పేరు చీటీ లేకుండానే చెప్పి, ఎప్పటికన్నా ఒక సీసా ఎక్కువ అడిగాడు.