ఆవకాయ జాడీ మీద సీరియల్

ఇంట్లో మాటలు విని, ప్రేమ సినిమాని కుటుంబ సీరియల్‌గా సాగదీసే టీవీలు ఊరంతా వచ్చేశాయి. వరహాలమ్మ ఇంట్లో, పెళ్లితో ముగిసిన సినిమా ఒకటి ఏడాదిగా సాగుతోంది. ఆ సాయంత్రం తెరమీది అత్త, కోడల్ని ఆవకాయ జాడీ ముట్టుకోనివ్వలేదు.

"ఇది అచ్చం నాలాగే ఉందేంటే?" అంది వరహాలమ్మ, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

"మనల్ని చూసే కదత్తయ్యా కథ అల్లేది!" అని నవ్వింది కోడలు హిమజ.

వరహాలమ్మకి రోషం పొడుచుకొచ్చింది. జాడీ తెచ్చి కోడలి చేతిలో పెట్టి, "ఇవాళ్టినుంచి ఇది నీదే!" అంది, టీవీకి వినపడేలా.

మర్నాడు తెరమీది అత్త కూడా జాడీ ఇచ్చేసింది. వరహాలమ్మ మురిసిపోయేలోగా 'శుభం' పడి సీరియల్ అయిపోయింది. తగవు లేకపోతే కథెక్కడిది?

వరహాలమ్మ క్షణం కూడా ఆలోచించలేదు.

"హిమజా, ఆ జాడీ ఇలా తే!"